తాగినవానికి కూడా న్యాయమున్నదా?

నారాయణఖేడ్ సరిహద్దు పట్టణం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఈ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. పిదప మెదకు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు 11 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఇక్కడి అంగడిలో ఒక్క బేరంలోనే కలిసిపోతాయి. పొద్దు వాలగానే కంగ్టి వైపు, కల్హేరు వైపు, మనూరు వైపు మోటారు సైకిళ్ళు ఒకదాని వెనుక ఒకటి బయలుదేరుతాయి. సంగారెడ్డి నుండి నాందేడు మీదుగా అకోలాకు పోయే జాతీయ రహదారి కూడా ఈ ప్రాంతం గుండానే సాగుతున్నది.

అటువంటి ఒక సాయంకాలం పట్టణపు పొలిమేరలో ఇద్దరు మనుష్యులను ఊహించుకొందాం. ఇది జరిగిన కథ కాదు. ఏ ఊరిలోనైనా జరగదగిన కథ. మొదటివాడు బడిపంతులు. అజీర్తికని వైద్యుడిచ్చిన అరిష్టం రెండు చెంచాలు అప్పుడే మింగి, బండి ఎక్కి ఇల్లు చేరబోతున్నాడు. రెండవవాడు రైతు. కంది అమ్మిన డబ్బు చేతిలో పడినది. కల్లు దుకాణంలో కొంచెం ఎక్కువగానే పుచ్చుకొన్నాడు. రోడ్డు పక్కన మామూలు చొక్కా తొడుక్కొన్న ఒక మనిషి చేయి అడ్డం పెట్టి ఇద్దరినీ ఆపినాడు. యూనిఫారంలో ఉన్న ఉద్యోగి దూరంగా జీపులో కూర్చొని ఉన్నాడు.

"సార్, ఇందులో ఊదండి."

"నేను తాగేవాణ్ణి కాదు నాయనా. అడిగి చూడు, ఊరంతా చెప్పుతుంది."

"అవన్నీ మిషను చెప్తది సార్. మీరు ఊదండి."

పంతులు ఊదినాడు. అంకె వచ్చినది. రైతు ఊదినాడు. ఇంకొంచెం పెద్ద అంకె వచ్చినది. ఇద్దరి బండ్లూ పక్కకు పెట్టించినారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే రకం కాగితం పెట్టినారు. "కోర్టుకు పోయి తప్పయినదని ఒప్పుకోండి, జరిమానా కట్టండి, పని అయిపోతుంది" అని పక్కనున్నవారు హితవు చెప్పినారు.

ఈ హితవులోనే చిక్కున్నది. తాగి బండి నడిపిన కేసును ఎదిరించడమంటే తాగుబోతును వెనకేసుకొని రావడమేనని మనలో చాలామంది తలపోస్తారు. మర్యాదస్థుడు సిగ్గుపడి జరిమానా కట్టి బయటపడతాడు. మర్యాద లేనివాడు ఎవరి చేతిలోనో నోటు పెట్టి బయటపడతాడు. ఆపినవాడు సక్రమంగా ఆపినాడా, పరీక్ష చట్టం చెప్పినట్లు జరిగినదా అని అడిగేవాడు మాత్రం కనబడడు. ఆ ప్రశ్న అడగవలసినదేనా, అడిగితే దోషి తప్పించుకొని పోడా అన్నదే నేటి మన విచారణ.

ముందుగా దోషం ఎంత పెద్దదో ఒప్పుకొందాం. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయినట్లు కేంద్ర ప్రభుత్వపు నివేదిక చెప్పినది. వీరందరి మరణాలకూ మద్యమే కారణం కాదు. కాని మత్తులో ఉన్న చేతిలోని బండి ఎదుటివాని ప్రాణంతో ఆడుకొంటుందనడానికి లెక్కలు అక్కరలేదు. ఈ నేరం మోటారు బండి అంత పాతది. లండను నగరంలో 1897 సెప్టెంబరు 10న విద్యుచ్ఛక్తితో నడిచే అద్దెబండి తోలుతున్న యువకుడొకడు తాగిన మైకంలో ఒక భవనాన్ని ఢీకొట్టి శిక్షకు పాత్రుడైనాడు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 185వ సెక్షనులో, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యాన్ని హద్దుగా గీసినది. ఇంగ్లండులో 1967లో ఈ హద్దును 80 మిల్లీగ్రాములుగా పెట్టినారు. మన చట్టం అంతకంటే చాలా కఠినమైనది. 2019లో సవరించిన ప్రకారం మొదటి నేరానికి ఆరు నెలల వరకు ఖైదు, లేక పదివేల రూపాయల జరిమానా, లేక రెండూ. మళ్ళీ చేస్తే రెండేండ్ల వరకు ఖైదు, లేక పదిహేనువేల జరిమానా, లేక రెండూ. ఇంత శిక్ష విధించే సమాజం పరీక్షను కూడా అంత జాగ్రత్తగా జరపవలె గదా!

ఊపిరిలో మద్యం ఎట్లా తెలుస్తుంది? రసాయన శాస్త్రం చదివే విద్యార్థులకు ఇది మంచి పాఠం. రక్తంలోని ఆల్కహాలు ఊపిరితిత్తుల్లో కొంత ఆవిరై బయటి గాలిలో కలుస్తుంది. సుమారు 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత ఆల్కహాలు ఉంటుందో, ఒక్క మిల్లీలీటరు రక్తంలో అంత ఉంటుందని లెక్క. అమెరికాలోని ఇండియానాలో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ 1954లో ఈ లెక్క మీద ఒక యంత్రం తయారుచేసినాడు. అందులోని పొటాషియం డైక్రోమేటు ద్రావణం నారింజ రంగుది. ఊపిరిలోని ఆల్కహాలు తగిలినప్పుడు ఆ రంగు తగ్గి ఆకుపచ్చ వస్తుంది. రంగు ఎంత మారినదో కొలిస్తే ఆల్కహాలు ఎంతో తెలుస్తుంది. నేటి యంత్రాల్లో చాలావరకు రంగుకు బదులు చిన్న విద్యుత్ ఘటం ఉంటుంది. ఆల్కహాలు అందులో ఆక్సీకరణం చెంది పుట్టించిన కరెంటును యంత్రం అంకెగా మార్చి చూపుతుంది.

అయితే యంత్రానికి నోరూ ఊపిరితిత్తులూ వేరని తెలియదు. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసే మందులు. వాటిలో సహజంగానే ఆల్కహాలు పుడుతుంది. అది నోటి తడిలో నిలిచి ఉన్నప్పుడు ఊదితే, రక్తంలో లేని మద్యం యంత్రం మీద ఉన్నట్లు కనబడుతుంది. ఒక పావుగంట ఆగి ఊదిస్తే ఆ భ్రమ తొలగుతుంది. మన పంతులుకు ఆ పావుగంట ఇచ్చినవారు లేరు. యంత్రం అబద్ధం చెప్పలేదు. దానికి వేసిన ప్రశ్నయే తప్పు.

ఇక చట్టం సంగతి. మన చట్టం పోలీసుకు అధికారం ఇచ్చినది, దానితోబాటు షరతులు కూడా పెట్టినది. ఆపడం వేరు, ఊదించడం వేరు అని మొదట గ్రహించవలె. రాకపోకలను నియంత్రించే పోలీసు సూచనలను ప్రతి డ్రైవరూ పాటించవలసినదే. యూనిఫారంలోని పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపవలసినదే. కాని శ్వాస పరీక్షకు 203వ సెక్షను విడిగా నాలుగు కట్టుబాట్లు విధించినది. అడిగేవాడు యూనిఫారంలోని పోలీసు అధికారి గాని, మోటారు వాహనాల శాఖ అధికారి గాని కావలె. అడిగించుకొనేవాడు బహిరంగ స్థలంలో బండి నడుపుతున్నవాడు, లేక నడపబోతున్నవాడు కావలె. అతడు తాగినాడని అనుమానించడానికి సమంజసమైన కారణం ఉండవలె. యంత్రం కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన రకానిది కావలె. 202వ సెక్షను మరొకటి చేర్చినది. తాగి నడిపినాడని అరెస్టు చేసిన మనిషిని రెండు గంటలలోపల వైద్య పరీక్షకు పంపవలె, పంపకపోతే విడిచిపెట్టవలె.

ఈ రెండు గంటల గడువు వట్టి లాంఛనం కాదు. గడియారం తిరుగుతున్న కొద్దీ రక్తంలోని మద్యం తరుగుతుంది, దానితో సత్యమూ తరుగుతుంది. మన పూర్వులకు ఇది తెలియని సంగతి కాదు. కేవలం అనుమానం మీద ఒకనిని పట్టుకోవడానికి కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మూడు రాత్రుల గడువు పెట్టినాడు. నేరపు పనిముట్లు దొరికితే తప్ప, ఆ గడువు దాటిన తరువాత పట్టరాదన్నాడు. అప్పుడు ప్రశ్నించినా ప్రయోజనం లేదని కారణం చెప్పినాడు. గడువు దొంగ మీద జాలితో పెట్టినది కాదు, సాక్ష్యం మీద గౌరవంతో పెట్టినది.

సరే, ఈ షరతులను ఉల్లంఘించి ఆపినారనుకొందాం. అప్పుడు కేసు కొట్టివేయవలెనా? ఈ ప్రశ్నకు దేశదేశాల న్యాయస్థానాలు ఒకే జవాబు చెప్పలేదు.

అమెరికా సుప్రీంకోర్టు 1979లో, ఏ అనుమానమూ లేకుండా పోలీసు తన ఇష్టం వచ్చిన బండిని ఆపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. కాని అదే కోర్టు 1990లో, అందరినీ ఒక పద్ధతి ప్రకారం ఆపే తనిఖీ కేంద్రాలు తప్పు కావన్నది. అక్కడ దోషం ఆపడంలో కాదు, ఆపేవాని ఇష్టారాజ్యంలో ఉన్నదన్నమాట. ఇంగ్లండులో 1980లో ప్రభువుల సభ ముందుకు ఒక కేసు వచ్చినది. ఇంటివాడు పొమ్మన్నా పోకుండా పోలీసులు అతని ఇంట్లోనే నిలబడి ఊపిరి అడిగినారు. అక్రమంగా ఇంట్లో ఉన్నవానికి ఊపిరి అడిగే హక్కు లేదని, అతని శిక్ష చెల్లదని ప్రభువులు తేల్చినారు. అయిదేండ్లకు, 1985లో, మరొక కేసులో అరెస్టు అక్రమమైనా ఠాణాలో సక్రమంగా తీసిన నమూనా చెల్లుతుందని అదే సభ చెప్పినది. కెనడా సుప్రీంకోర్టు తీర్పు ఇంకా విచిత్రమైనది. ఒక మనిషి రోడ్డు దిగి సొంత వాకిలి చేరిన తరువాత పోలీసులు పరీక్షకు ఆపినారు. అట్లా ఆపడం అక్రమమని, అతని హక్కుకు భంగం కలిగినదని 2023లో ఆ కోర్టు ఒప్పుకొన్నది. అయినా మద్యం రుజువును తోసిపుచ్చలేదు, శిక్షను నిలబెట్టినది.

మన దేశం ఈ విషయంలో ఇంచుమించు కెనడా వైపే ఉన్నది. 1974లో అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, ఆదాయపు పన్ను సోదాలకు సంబంధించిన కేసులో, సోదా అక్రమమైనంత మాత్రాన అందులో దొరికిన సాక్ష్యం పనికిరానిది కాదన్నది. కాబట్టి "నన్ను అక్రమంగా ఆపినారు, కనుక నన్ను వదిలివేయండి" అని వాదించేవాడు మన కోర్టుల్లో సులభంగా గెలువలేడు. ఇది దాచకుండా చెప్పవలసిన సంగతి. ఊరికే ఆశపెట్టడం హితవు కాదు. ఊదడమంటే తన మీద తాను సాక్ష్యం చెప్పుకోవడమేనన్న వాదం కూడా నిలవడం కష్టం. వేలిముద్రలు, చేతిరాత ఇయ్యడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే పదకొండుగురు న్యాయమూర్తులు తేల్చినారు.

మరి ఎదిరించడానికి చోటెక్కడ? చోటున్నది. అది ఆపిన చేతి మీద కంటే ఆ చేతిలోని రుజువు మీద ఎక్కువగా ఉన్నది. 185వ సెక్షను ప్రకారం నేరమంటే ఊరికే తాగి ఉండడం కాదు. పరీక్షలో హద్దు మించిన మద్యం బయటపడడం. పరీక్ష నేరంలోనే ఒక భాగం గనుక, పరీక్షలోని లోపం కేసు పునాదిని తాకుతుందని వకీలు వాదించవచ్చును. నోటి వాసన, తడబడిన మాట, తూలిన నడక, విచ్చిన కనుపాపలు ఇవి మాత్రమే మత్తుకు తిరుగులేని రుజువు కావని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పినది. ఊదించే ముందు యంత్రం ఖాళీ గాలిని పరీక్షించి సున్నా చూపవలెనని, అట్లా చూపని యంత్రపు అంకెను నమ్మరాదని కేరళ హైకోర్టు 2025లో చెప్పినది. శ్వాస పరీక్ష ఒక్కదానినే పట్టుకొని ఆర్టీసీ డ్రైవరును ఉద్యోగం నుండి తొలగించడం చెల్లదని తెలంగాణ హైకోర్టు కూడా 2025లో తీర్పిచ్చినది. ఇది ఉద్యోగానికి సంబంధించినదే గాని శిక్షకు సంబంధించినది కాదు. అయినా బస్సు డిపో ఉన్న నారాయణఖేడ్ వంటి పట్టణంలో ఎన్నో కుటుంబాలకు దీని విలువ తెలుసు.

అన్నిటికంటే మన రాష్ట్రంవారు గుర్తుంచుకోవలసినది 2021 నవంబరులో వచ్చిన తీర్పు. తాగి నడిపినారని బండ్లను పట్టుకొని ఠాణాల్లో ఉంచుతున్నారని అనేకులు తెలంగాణ హైకోర్టుకు రిట్ పిటిషన్లు పెట్టుకొన్నారు. జస్టిస్ కె. లక్ష్మణ్ వాటన్నిటినీ కలిపి విచారించినారు. తాగి నడిపిన కారణం చేత బండిని జప్తు చేసే అధికారం పోలీసుకు లేదని తేల్చినారు. తాగినవానిని బండి నడపనీయకూడదు, అది నిజమే. కాని అతనితో తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే బండి అతనికి ఇయ్యవలె. లేకపోతే బంధువునో స్నేహితునో పిలిపించవలె. ఎవ్వరూ రాకపోతే మాత్రమే బండిని భద్రంగా ఉంచి, కాగితాలు చూపినప్పుడు తిరిగి ఇయ్యవలె. ఈ తీర్పు తాగినవానికి రోడ్డు అప్పగించలేదు. అతని నుండి స్టీరింగు తీసుకొన్నది. పోలీసు నుండి చట్టం ఇయ్యని అధికారం తీసుకొన్నది. రెండు పనులూ ఒకే తీర్పులో ఇమిడినవి.

ఇప్పుడు మన పంతులు ఏమి చేయవలె? పారిపోకూడదు. రోడ్డు మీద తగవు పెట్టుకోకూడదు. ఊదనని మొండికేయడం కూడా తెలివి కాదు. తగిన కారణం లేకుండా నిరాకరిస్తే అది అతనికి వ్యతిరేకంగా నిలిచే సందర్భమని 205వ సెక్షను అంటున్నది. మందు మింగిన సంగతి చెప్పి, కొంత ఆగి మళ్ళీ ఊదించమని మర్యాదగా కోరవచ్చును. ఆపిన వేళ, ఊదిన వేళ, అధికారి పేరు, యూనిఫారం ఉన్నదీ లేనిదీ, చుట్టూ ఉన్న సాక్షులు, ఇవి వెంటనే కాగితం మీద వ్రాసి పెట్టుకోవలె. యంత్రం ముద్రించిన చీటీ అడగవలె. అరెస్టు చేస్తే ఆస్పత్రికి పంపి రక్తపరీక్ష చేయించమని కోరవలె. అన్నిటికంటే ముఖ్యం, రోడ్డు మీద ఎవరికీ డబ్బు ఇయ్యకూడదు. ఇతర చిన్న నేరాల వలె అక్కడికక్కడ రుసుము కట్టి రాజీపడే నేరాల జాబితాలో 185వ సెక్షను లేదు. అది కోర్టుకే పోవలె.

కోర్టులో నిలబడినప్పుడు "తప్పయినది" అన్న ఒక్క మాట ఎంత బరువైనదో తెలుసుకోవలె. ఒప్పుకొన్నవాని మీద మేజిస్ట్రేటు విచారణ అక్కరలేకుండానే శిక్ష వేయవచ్చును. ఆ పిదప అప్పీలుకు చోటు చాలా ఇరుకు. శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంతవరకే. చేయని తప్పు ఒప్పుకొన్నవాడు తన చేతితోనే తలుపు మూసుకొంటున్నాడు. వకీలును సంప్రదించే హక్కును రాజ్యాంగపు 22వ అధికరణం అరెస్టయిన ప్రతివానికీ ఇచ్చినది. ఖర్చు భరించలేని పేదలకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 1987 నాటి చట్టం కింద న్యాయసేవాధికార సంస్థలు ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తాయి. ఈ సంగతి బడిలో పిల్లలకు చెప్పితే అది ఇంటికి చేరుతుంది.

మరి రైతు? అతడు నిజంగా తాగినవాడు. అతనికీ ఇదే మాట చెప్పవలెనా? చెప్పవలె. నిర్దోషికి ఒక చట్టం, దోషికి ఒక చట్టం పెట్టవలెనంటే, ఎవడు నిర్దోషియో విచారణకు ముందే తెలియవలె. అది తెలిస్తే విచారణయే అక్కరలేదు. పొలిమేరలో చేయి అడ్డం పెట్టిన మనిషికి పంతులూ రైతూ ఒక్కటే. ఇద్దరూ బండి మీద వచ్చిన ఇద్దరు మనుష్యులు. రైతుకు ఇయ్యని జాగ్రత్త పంతులుకు దక్కదు. యూనిఫారం వేసుకొని, కారణం వ్రాసి, సున్నా చూపించి, ఊదించి, వైద్యునికి పంపి, సకాలంలో కోర్టుకు తెచ్చి ఉంటే రైతు శిక్ష నుండి తప్పించుకొనేవాడు కాడు. పంతులు నింద నుండి తప్పించుకొనేవాడు. పద్ధతి పాటించిననాడు పోలీసు నష్టపోయేది ఏమీ లేదు. దోషి జారిపోతే ఆ దోషం షరతులది కాదు, వాటిని నిర్లక్ష్యం చేసినవారిది.

రైతుతో చెప్పవలసిన రెండవ మాట కూడా ఉన్నది. కోర్టులో గెలిచినా, తాగి బండెక్కిన రాత్రి ఎదురుగా నడిచివచ్చే మనిషి ముందు అతడు గెలిచినవాడు కాడు. న్యాయస్థానం రుజువును తూచుతుంది. మనస్సాక్షికి చీటీ అక్కరలేదు. కల్లు దుకాణం నుండి ఇంటికి నడిచిపోవడం ఏ చట్టమూ నిషేధించలేదు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. రసాయన శాస్త్రపు గంటలో డైక్రోమేటు రంగు మారడం చూపినరోజు, పౌరశాస్త్రపు గంటలో 203వ సెక్షను కూడా చదివించండి. తాగి నడపరాదని చెప్పిన నోటితోనే, అడ్డదారిన ఆపరాదని కూడా చెప్పండి. ఈ పిల్లల్లో కొందరు రేపు బండి మీద వస్తారు. కొందరు యూనిఫారం వేసుకొని చేయి అడ్డం పెడతారు. ఒకరిద్దరు న్యాయపీఠం మీద కూర్చొంటారు. ముగ్గురికీ పాఠం ఒక్కటే కావలె.